డ్యూటీ దిగిన పేరంటాలు

మా పిన్ని పోయింది. చెరకు తోటలో గడలు పడిపోకుండా ఆకులతో జడచుట్లు వేస్తూ ఫిట్స్ వచ్చి రెండు సాళ్ల మధ్య బోర్లా పడిపోయింది. పక్క సాలులో వాళ్లు వెళ్లి తిప్పేసరికి నోటినిండా మన్నే. అనకాపల్లిలో నా టైలరింగ్ షాపుకి ఫోనొచ్చినప్పుడు చేతిలో ఎవరిదో పెళ్లి జాకెట్టు ఉంది. ఫిట్స్‌తో పోయిందన్నారు అవతల. ఆ మాట నేను ఒప్పుకోను. ఆ ఫిట్స్ దేవుడిచ్చినవి కావు, క్వారీ మనుషులు ఇనుప గొట్టంతో ఇచ్చినవి. దెబ్బకీ చావుకీ మధ్య కొన్నేళ్లు గడిచాయి, అంతే. మా పిన్నిని చంపారు. కాగితాల్లో ఎవరెలా రాసుకున్నా నేను ఇలాగే రాస్తాను.

మాది దేవరాపల్లి వెళ్లే దారిలో చెరకూ వరీ పండించే ఊరు. ఊరి వెనక కొండని కంకర కోసం ఒక కంపెనీ పేల్చడం మొదలుపెట్టింది. పేల్చినప్పుడల్లా ఇళ్ల గోడలు బీటలు తీసేవి, తలకాయంత రాళ్లు పొలాల్లో పడేవి. ఒక రాయి కళ్లంలో కట్టేసిన దూడ నడుం విరగ్గొట్టింది. మగవాళ్లు వెళ్లి అర్జీలు ఇచ్చారు. ఆడవాళ్లు వెళ్లి రోడ్డు మీద కూర్చున్నారు. ముందు వరసలో మా అమ్మ, ఆమె పక్కనే చెల్లెలు, మా పిన్ని. పిన్ని అప్పటికే మొగుడు పోయి పుట్టింటికి తిరిగొచ్చిన మనిషి. పిల్లలు లేరు. ఉన్నదల్లా నేనే.

ఒకరోజు మలుపు తిరిగిన టిప్పరు ఆగలేదు. మా అమ్మ లేవలేదు. ఆమె గాజు ముక్కలు తారులోకి దిగిపోయి చాలాకాలం ఎండకి మెరుస్తూ ఉండేవి. పిన్ని ఏడవలేదు. టిప్పరెక్కి, డ్రైవర్ని జుట్టు పట్టి కిందకి లాగి, వాడి చెవి కొరికేసింది. పోలీసులొచ్చేసరికి ఆమె మూతినిండా నెత్తురు. మా అమ్మ చావుకి యాక్సిడెంటు కేసు పెట్టారు. చెవికి హత్యాయత్నం కేసు పెట్టారు. ఆ తర్వాత వాయిదాకి వెళ్లినప్పుడల్లా కోర్టు మెట్ల మీద కూర్చుని, మంట నోట్లోకి పెట్టుకుని చుట్ట అడ్డపొగ పీలుస్తూ, "మనిషి కన్నా సెవి ఖరీదే ఎక్కువే అమ్మీ" అనేది. అటుగా పోయే ప్లీడర్లు నవ్వేవారు. ఆమె నవ్వేది కాదు.

మా వైపు ముత్తైదువ అన్యాయంగా పోతే పేరంటాలు అవుతుందంటారు. రాయి నిలబెట్టి, పసుపు రాసి, చీర చుట్టి, గాజులు పెడతారు. ఆవిడ ఇంటినీ ఊరినీ కాచుకుంటుందని నమ్మకం. అమ్మ పెద్దకర్మ అవగానే పిన్ని ఆమె పడిన చోటే రోడ్డు వారగా రాయి పాతింది. చుట్టిన చీర అమ్మదే, నెమలిరంగుది. అది పని చేసింది. టిప్పర్లు తోలేవాళ్లు ఎక్కణ్ణించో దిగినవాళ్లు కారు, సబ్బవరం వైపు కుర్రాళ్లే, పేరంటాళ్లకి మొక్కే ఇళ్లలో పుట్టినవాళ్లే. ఆ మలుపు రాగానే బండి ఆపి దండం పెట్టేవారు. ఆపిన బండి ముందు మా ఆడవాళ్లు కూర్చునేవారు. ఆవిడ ఎదుట వాళ్ల మీంచి తోలడానికి ఇంక వాళ్లకి చెయ్యి ఆడేది కాదు. పోలీసులు చెయ్యని పని మా అమ్మ చచ్చి చేసింది. పిన్ని ఆ రాయితో కాపలా మనిషితో మాట్లాడినట్టే మాట్లాడేది. "అప్పా, రేపు ఎస్సై వత్తాడట, కాస్త సూసుకో" అని అక్కకి అప్పగించి ఇంటికొచ్చేది.

అలా ఉండగా నా కూతురు పుట్టింది. దాని కుడి మణికట్టు మీద గోధుమరంగు మచ్చ. మా అమ్మకి సరిగ్గా అక్కడే, బెల్లం వండుతుంటే పాకం చింది కాలిన మచ్చ ఉండేది. మా అత్తగారు అది చూసి, తన వియ్యపురాలే మళ్లీ పుట్టిందని ఆసుపత్రి వార్డంతా వినబడేలా చెప్పింది. మంచి మనసుతోనే చెప్పింది. నేనూ ఏడ్చాను. కన్నతల్లిని కన్నానంటే ఎవరు సంబరపడరు? పిన్ని పరుగున వచ్చి ఆ చిన్న చెయ్యి పట్టుకుని ముద్దుల మీద ముద్దులు పెట్టింది. ఉన్నట్టుండి ఆగిపోయి నా మొహంలోకి చూసింది.

"అయితే మరి అక్కడ, రాయిలో ఎవులున్నారే?"

నేను నవ్వేశాను. నవ్వవలసిన ప్రశ్న కాదది. బిడ్డకి పేరు పెట్టకముందే ఈ కబురు క్వారీ మేనేజరుకి చేరింది. వాడు టీ కొట్టు దగ్గర డ్రైవర్లని పోగేసి, "మీ పేరంటాలు ఇప్పుడు అనకాపల్లిలో ఉయ్యాల్లో పాలు తాగతంది. ఆ రాయిలో ఏటుంది? తొక్కించీండి" అన్నాడట. ఆ వెధవకి అంత బుర్ర ఎక్కడిదా అని ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. మేం నమ్మినదాన్నే తిప్పి మా మీదికి తోలాడు. ఒకే మనిషి రాయిలోనూ ఉయ్యాల్లోనూ ఉండదు కదా. మర్నాడు వచ్చిన టిప్పరు ఆగలేదు. దాని వెనకది రాయి ముందు పెట్టిన గాజుల్ని నలిపేసి, ముందు వరసలో కూర్చున్నామె పాదం మీంచి వెళ్లిపోయింది. ఆ పాదం మడమ దగ్గర తీసేయాల్సి వచ్చింది.

అప్పుడు ఊరి ఆడవాళ్లు అనకాపల్లి వచ్చి నా గుమ్మంలో నిలబడ్డారు. చంటిదాన్ని ఇమ్మన్నారు. పొద్దుట పూట రోడ్డు మీద గొడుగేసి కూర్చోబెట్టుకుంటామన్నారు. అమ్మే స్వయంగా ఎదురుగా ఉంటే ఏ డ్రైవరూ ముందుకి రాడన్నారు. వాళ్లు రాక్షసులు కారు. చిన్నప్పుడు నాకు అన్నం కలిపి పెట్టిన చేతులే అవి. నేను బిడ్డని గట్టిగా అదుముకుంటే అది గుక్కపట్టి ఏడ్చింది. ఇంతలో వాళ్ల వెనకే పిన్ని వచ్చింది, చెరకు నరికే కత్తితో. అరుస్తుందనుకున్నాను. గుమ్మానికి అడ్డంగా కూర్చుని, కత్తి ఒళ్లో పెట్టుకుని, నెమ్మదిగానే చెప్పింది.

"అప్ప మళ్లీ వచ్చిందో లేదో నాకు తెల్దు. వచ్చినా ఆడుకోడానికొచ్చింది, డూటీకి కాదు. సచ్చింది, సచ్చేక కూడా కాపలా కాసింది, ఇంకేటి కావాల మనకి? బిడ్డ మీద సెయ్యేసినోళ్ల సెయ్యి ఈడే పడతాది."

మరి రేపు రోడ్డు మీద ఎవరుంటారని అడిగారు వాళ్లు. నానుంటాను అంది.

మర్నాడు ఆమె చేసిన పనికి ఊరంతా నోరు నొక్కుకుంది. రాయికి చుట్టిన చీర విప్పి తాను కట్టుకుంది. పేరంటాలి చీర బతికున్న మనిషి కట్టదు. మొగుడు పోయినామె అయితే తాకను కూడా తాకదు. కడితే నెత్తురు కక్కుకుంటారని భయం. ఎండకి వెలిసిపోయిన ఆ చీరలో, నోట్లో చుట్టతో, రోడ్డు నడిమధ్యన కూర్చుంది. బిడ్డని అత్తగారికి అప్పజెప్పి నేను క్యారేజీ పట్టుకుని వెళ్లేసరికి టిప్పర్లు వరసగా ఆగి ఉన్నాయి. డ్రైవర్లు దిగరు, తోలరు. చివరికి మేనేజరే తన మనుషులతో గొట్టాలు పట్టుకుని వచ్చాడు.

మొదటి దెబ్బ భుజం మీద, రెండోది తల మీద. కొబ్బరికాయ కొట్టిన చప్పుడైంది. పడిపోతూ కూడా వాడి చొక్కా పట్టుకుంది. ఆ వేళ్ల మీద కొట్టారు. వేళ్లు విరిగాయి గాని పట్టు వదల్లేదు. నేను ఆమె మీద పడ్డాను, నా వీపు మీదా పడ్డాయి. అప్పుడు లేచారు మా ఆడవాళ్లు. ఎవరికీ అమ్మ పూనలేదు, ఎవరూ ఊగలేదు. క్వారీ కంకరే తీసుకుని కొట్టారు. టిప్పర్ల అద్దాలు పోయాయి, మేనేజరు దవడ పగిలింది, ఒక బండి తగలబడింది. నేనూ విసిరాను. తగిలింది కూడా. అందుకు నాకేం విచారం లేదు.

క్వారీ ఆగింది. పిన్నికి కుడి కన్ను పోయింది, ఫిట్స్ పట్టుకున్నాయి. నా కూతురికి మా అమ్మ పేరు పెట్టనివ్వలేదు, వంశంలో ఎవరికీ లేని పేరు వెతకమంది. ఎవరైనా దాని మణికట్టు పట్టి చూడబోతే చెయ్యి మీద ఒక్కటిచ్చేది. ఒకసారి ఒక పెద్దావిడ దాని కాళ్లకి దండం పెట్టబోతే, ముక్కు కారుతోంది ముందు అది తుడవమంది. దానికి గోలీలాటా బూతులూ రెండూ ఆమే నేర్పింది. మొదటిదానికి నేను రుణపడి ఉన్నాను. మీరు నమ్ముతారా అని నన్ను అడుగుతుంటారు. అది నిద్రపోతున్నప్పుడు ఆ మచ్చ చూస్తే నమ్ముతాను. మెలకువగా ఉన్నప్పుడు అది నా కూతురు, ఎక్కాలు రాని మొద్దు, అంతే. ఆ అంతే అనుకునే భాగ్యం నాకు పిన్ని పెట్టిన భిక్ష.

మొన్న ఆమె పెద్దకర్మ. కొత్త కంపెనీ ఏదో వచ్చి క్వారీ మళ్లీ తెరుస్తుందని ఊళ్లో గుసగుస. అందుకే భోజనాలు అవకుండానే, పిన్నికి రాయి నిలబెట్టాలన్న మాట లేచింది. మొగుడు పోయినామె పేరంటాలు కాదు, ఆచారం ఒప్పదన్నారు పెద్దలు. ఆడవాళ్లు గొడవపడ్డారు. నాకు మాత్రం జన్మలో మొదటిసారి ఆచారం ముద్దొచ్చింది. ఎండలో వానలో నిలబెట్టరు, అలిసిపోయిన మనిషిని పడుకోనిస్తారు అనుకున్నాను.

ఇంతలో ఎవరో అన్నారు: "రాయి లేకపోతే ఏటయ్యింది? మళ్లీ పుడతాది. ఎక్కడికి పోద్ది, మనలోనే పుడతాది."

పందిరి కింద ఒక్కొక్క తలే తిరిగింది. పాదం పోయినామె కోడలు మూలన విస్తళ్లు పట్టుకుని నిలబడి ఉంది. నెలలు నిండిన మనిషి కర్మ జరిగే ఇంటికి రాకూడదని ఎంత చెప్పినా వినకుండా, పిన్ని మీద ప్రేమకొద్దీ వచ్చిన పిల్ల. అందరి చూపులూ ఆమె కడుపు మీదే. ప్రేమగానే చూస్తున్నారు. నా భయమూ అదే. ఆ పిల్ల చేతిలో విస్తళ్లు జారిపోయాయి. రెండు చేతులతో పొట్ట కప్పుకుని, గోడ తగిలేదాకా వెనక్కి నడిచింది.

నేను లేచి వెళ్లి వాళ్లకీ ఆమెకీ మధ్యన నిలబడ్డాను. నా వెనక ఆ పిల్ల పొట్ట మీంచి చేతులు తియ్యనే లేదు.