వీడియో గేమ్ గెలిచి ఫౌజుకు

మావాళ్లు నేతపనికి వలసొచ్చిన మరాఠీ ఊళ్లో, కొంతం చౌక్ దగ్గర వీడియో గేముల దుకాణం పెట్టిన కొత్తల్లో, అక్కడికి పోయేవాళ్లంతా పనీపాటా లేనివాళ్లని మా నాయిన తీర్పు. మా అన్న ఆ దుకాణం వదిలేవాడు కాదు. పొద్దంతా దాజీ పేట్‌లో సేటు షెడ్డులో రెండు సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద, తువ్వాళ్లు నేసి, సాయంత్రం పోయి తెర మీద విమానాలు కూల్చేవాడు. తెగిన పోగును రెప్పపాటులో ముడేసే వేళ్లవి. గేము మీటలు అన్న మాట వినక ఏం చేస్తాయి?

తొంభైల మొదట్లో అనుకుంటా, రిటైరైన సుబేదారు ఒకాయన ఆ దుకాణంలో పోటీ పెట్టాడు. సైన్యంలో భర్తీకి కుర్రాళ్లను తయారుచేసే క్లాసు ఆయనది. క్లాసంటే రానివాళ్లు గేమంటే ఎగబడతారని కనిపెట్టాడు మహానుభావుడు. గెలిచినవాడికి శిక్షణ ఉచితం, భర్తీకి తానే వెంటబెట్టుకుని తీసుకుపోతాడు. అన్న వరసగా మూడు ఆదివారాలు గెలిచాడు.

సుబేదారు మా ఇంటికే వచ్చాడు. ఆయనా మా తెలుగువాళ్లలోనివాడే.

"మీ పిలగాని నిశానా ఎక్‌దమ్ పక్కా ఉన్నది దాదా. ఇసొంటోళ్లే ఫౌజుకు కావాలె."

అంతే, నాయిన తీర్పు తిరగబడింది. "వీడొక్కడన్న ఈ దూది దుమ్ములకెళ్లి బయటవడ్తడు" అని మురిసిపోయాడు. అమ్మ రోజూ ఒక గుడ్డు ఉడకబెట్టేది, అన్నకు మాత్రమే. నాకు కుళ్లు పుట్టింది, దాచుకోను. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, అమ్మ అప్పుడే యూనిఫాం పెట్టడానికి ట్రంకు పెట్టె ఖాళీ చేసింది.

భర్తీలో అన్న పరుగు నెగ్గాడు, ఛాతీ కొలతా నెగ్గాడు. తర్వాత డాక్టరు వెనక నిలబడి మెల్లగా అంకెలు చెప్పాడట. అన్న ఒక్క అంకె కూడా తిరిగి చెప్పలేదు. వెనక ఎవరో మాట్లాడుతున్నారనే తెలియలేదు. చెవులు పనిచేయవని తిప్పి పంపేశారు.

అప్పటిదాకా మాకూ తెలియదు. మగ్గాల మోతలో మాట వినపడదు కాబట్టి మా వాళ్లు పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటారు. ఇంటికొచ్చినా అదే అలవాటు. వెనకనుంచి పిలిస్తే అన్న పలక్కపోతే పొగరనుకున్నాం. "రాజావారికి వినవడ్తలేదు" అని నేనే ఎన్నిసార్లు వెక్కిరించానో! ఆ నోరు పడిపోతే బాగుండేదని ఇప్పుడనుకుంటాను. పన్నెండో ఏట షెడ్డులో అడుగుపెట్టి ఆ మోతకు చెవులు పోగొట్టుకున్న మనిషి సంగతి పరాయి డాక్టరు చెబితే గానీ ఇంట్లోవాళ్లకు తెలియలేదు.

నాయిన పోయి సుబేదారును నిలదీస్తే, "గేమ్‌ల చెవులతోని ఏం పని దాదా? నాకేమెరుక?" అన్నాడు. ఆ ఆదివారమే ఇంకో పోటీ పెట్టాడు.

అన్న రెండు రోజులు మూలకు కూర్చున్నాడు. మూడోనాడు నాయిన ఎదురుగా కూర్చుని, పెదాలు కనపడేట్టు మెల్లగా చెప్పాడు.

"చెవులైతే ఎట్లనో పోయినయి బిడ్డా. ఇంకేం పోతది? సేటుతోని మాట్లాడిన. రేపటికెళ్లి రెండు కాదు, నాలుగు సాంచాలు ఇస్తడంట."

అన్న తలూపి, తువ్వాల భుజాన వేసుకుని లేచాడు. నాయిన మాట మా ఇంట్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. ఆ రోజు నాకూ తోచలేదు.