మా మడిలో గ్రహణం సాలు

సూర్యుణ్ణి రెండేళ్లు ముందుగానే రాహువుకు అప్పజెప్పి, పద్దెనిమిది మంది ఆడవాళ్లను పొలం ఒడ్డున కూర్చోబెట్టి, అత్తగారి నారు ముదరబెట్టబోయిన ఘనురాలిని నేనే. నిరుటి సంగతి. అప్పటికి నాకు నలభై తొమ్మిదే. చిన్నతనం, క్షమించండి.

శ్రావణం మొదలై వారం దాటింది. నిజామాబాద్ నుంచి వర్ని పక్కనున్న అత్తగారింటికి నాట్లకని వెళ్లాను. నాట్లకని అంటే నాటడానికి కాదు, ఒడ్డున నిలబడి వంకలు పెట్టడానికి. శుక్రవారం పొద్దున చాయ్ తాగుతుంటే ఫోన్‌లో మెసేజ్: ఆగస్టు రెండున నాలుగు దాటాక సంపూర్ణ సూర్యగ్రహణం, పట్టపగలు ఆరు నిమిషాల చీకటి!

రెండంటే రేపే. ఆ కింద ఇంకా ఏదో ఉంది. నేను చదవలేదు. అప్పటికే ఆ చీకట్లోకి నడిచి వెళ్లిపోయాను. కాలువ నీళ్లతో నిండిన మడి, ఆ నీళ్లలో పగటిపూట చుక్కలు, ఏమీ అర్థంకాక గూళ్లకు మళ్లుతున్న కొంగలు, ఒక్కసారిగా మాట మానేసిన లోకం. ఆ ఆరు నిమిషాలు నేను కూడా మాట మానేస్తానని అనుకున్నానంటే, ఎంత దూరం కలలోకి పోయానో మీరే చూడండి.

"అత్తమ్మా, రేపు నాట్లు బంద్. గ్రహణం పడుతది, ఆరు నిమిషాలు చీకటి."

అత్తమ్మ బియ్యం చెరుగుతున్న చాట పక్కన పెట్టింది. "అమాస పోయి ఎనిమిది దినాలాయె. అమాస గాకుంటె సూర్యునికి గ్రహణమెట్ల పడ్తదే?"

"గవన్నీ పాత లెక్కలు. ఇది సైన్సు. నేను బీఎస్సీ చదివిన."

"నువ్వు సదివినవని నారు ఆగుతదా? ఇప్పటికే ముదురుతున్నది. రేపు తప్పితె లచ్చవ్వ గుంపు మల్ల నాలుగొద్దులు దొరకదు."

నేను ఆగితే కదా! నాట్ల గుంపుకు పెద్ద అయిన లచ్చవ్వ ఇంటికే వెళ్లి చెప్పొచ్చాను. ఆమె చెంపలు వేసుకుంది. "గ్రహణం పట్టంగ బురదల దిగుతమా అక్కా? మా కోడలు కడుపుతోని ఉన్నది."

"దిగొద్దు. నాలుగింటికి ఒడ్డు మీదికి రాండ్రి, సూపిస్త."

"సూడొద్దంటరు గద?"

"పైకి సూడం. జల్లెడ పట్టుకుంటె కింద నీడల కనబడుతది."

శనివారం పొద్దున అత్తమ్మ నోరు మూయించడానికి ఇత్తడి తాంబాళంలో నీళ్లు పోసి రోకలి నిలబెట్టాను. గ్రహణం నాడు రోకలి తనంతట తాను నిలబడుతుందని మా వైపు నమ్మకం. అది నిటారుగా నిలబడింది!

"సూడు అత్తమ్మా!"

"అడుగు సాపుగ ఉన్న రోకలి ఏ దినమైన నిలవడ్తది. నారే నిలవడది."

నాలుగైంది. ఒడ్డు మీద పద్దెనిమిది మంది, నడుమ జల్లెడతో నేను. కింద గుండ్రటి వెలుగు చుక్కలు, ఒక్కటి కూడా అంచు చెదరలేదు. నాలుగున్నరైంది. ఎండ నా మీద ప్రత్యేకంగా కక్ష కట్టినట్టు కాస్తోంది.

"ఎప్పుడు పడ్తది అక్కా?"

"అయిపాయె, ఇగ పడ్తది."

అప్పుడొచ్చింది అత్తమ్మ. జల్లెడ వైపు చూడనే లేదు. గడ్డంతో తూర్పు వైపు చూపించింది. "సూర్యునికి అడ్డమొచ్చెటోడు అగో, ఆడున్నడు. గంత దూరం నిలవడి ఎట్ల అడ్డమొస్తడే?"

అందరం తలలు తిప్పాం. నీలాకాశంలో, అరిగిపోయిన సబ్బుబిళ్లలా, తెల్లగా సగం చందమామ. అక్కడ చందమామ, ఇక్కడ సూర్యుడు, మధ్యలో నా బీఎస్సీ.

మెసేజ్ మళ్లీ తెరిచి, ఈసారి చివరిదాకా చదివాను. రోజు అదే, నెల అదే. సంవత్సరం మాత్రం రెండు వేల ఇరవై ఏడు. చీకటి పడేది స్పెయిన్‌లో, ఈజిప్టులో, అరబ్బు దేశంలో. మన దగ్గర సాయంత్రం సూర్యుడికి ఓ అంచు కొరికినట్టుంటుందట, అంతే.

లచ్చవ్వ చీర ఎగదోపింది. "ఇంక రెండు గంటల పొద్దున్నది. రాండ్రే, అయినకాడికి నాటుదాం. అక్కా, నువ్వు గూడ దిగు. గ్రహణం ఇడిసినంక తానం జెయ్యాలె గద, బురదల జేద్దువు!"

పద్దెనిమిది మంది నవ్వు మీదుగా మడిలోకి దిగాను. వాళ్లు తిన్నగా నాటుకుంటూ పోతుంటే నేనొక్కదాన్నే వంకర వరుస నాటుతూ వెనకబడ్డాను. పొద్దు వాలేసరికి మడి నిండింది, నారు దక్కింది. నడుము పట్టుకుని నిలబడితే, నాటిన మొక్కల మధ్య నీళ్లలో ఆ సగం చందమామ నా పాదాల దగ్గరే ఊగుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. "ఆరు నిమిషాలాయె, మాట లేదు," అంది అత్తమ్మ వెనక నుంచి.

కోతల దాకా ఆ వంకర వరుస అలాగే ఉంది. ఊరంతా దాన్ని గ్రహణం సాలు అంటారు.

అందుకే ఆ జల్లెడ మీద చెయ్యి వేసి ప్రమాణం చేస్తున్నాను: అత్తమ్మను తిథి అడగకుండా ఈ జన్మలో సూర్యుడి జోలికి పోను. ఇరవై ఏడు సంగతి ఇప్పటికే అడిగాను. నా ఫోన్‌లో కేలెండరు తిప్పించి, "ఆ దినం అమాసనే," అంది. "అయితె పడ్తది. గని నాట్లు ముందుగాలనే ఏసుకుందాం."