మాచర్ల క్వినైన్

రెండో ప్రపంచయుద్ధం రోజులు. మా వంశంలో మొదటి బి.ఏ.ని నేనే. ఆ కబురు మామయ్యకు చెప్పాలని తెనాలి నుంచి మాచర్ల వెళ్లాను. ఆస్పత్రి ముందు దారి అడుగుతూ, వెల్దుర్తి నుంచి మందుకొచ్చిన మస్తాన్‌బీ అనే ఆమెకి కూడా చెప్పేశాను.

"చానా సంతోసం నాయనా. అయితే ఓ సాయం చెయ్యి," అంటూ ఆమె నా చేతిలో ఖాళీ సీసా పెట్టింది.

అప్పుడు క్వినైన్‌కు కరువు. రోగి ఎదురుగా నిలబడితేనే కాంపౌండరు మందు పోసేవాడు. చలిజ్వరంతో లేవలేనివాళ్లు వెల్దుర్తి నుంచి ఎలా వస్తారు? అందుకని వాళ్ల బదులు నడవగలిగినవాళ్లు వచ్చి, జ్వరం తమకే అని చెప్పుకునేవాళ్లట.

"మా పిల్లోడి జొరం నేను చెప్పుకుంటా. పక్కింటి ఎంకమ్మత్తది నువ్వు చెప్పు. కాస్త వణకవయ్యా! ఆ నవ్వు మొగానికి మందెవురిస్తారు?"

వణికాను. కాంపౌండరు రెండు సీసాలూ నింపాడు కానీ, మొదటి మోతాదు తన ఎదుటే తాగమన్నాడు. ఇద్దరం తాగాం. నోరంతా చేదు విషం.

బయటికొచ్చాక ఆమె సీసాలు గుడ్డలో చుట్టుకుని, కొంగుముడి విప్పి బెల్లంముక్క నా చేతిలో పెట్టింది.

"తిను. పాసయ్యావుగా."

తీపి పంచాల్సినవాణ్ని నేను. ఆమె కొంగులో ఇంకో ముక్క లేదు.