పూస దాటి కలిసిన దారాలు

నిన్న కంటి డాక్టరు మా మనవరాలి చేతికి కళ్ళ కసరత్తుకని పూసల దారం ఇచ్చాడు. మన ఈడువాళ్ళలో ఎవరైనా ఆ దారాన్ని ముక్కుకి ఆనించుకున్నారా?

చిన్నప్పుడు నాకు పుస్తకంలో అక్షరాలు రెండేసిగా కనిపించేవి. పోర్టు క్వార్టర్లో, ఎర్రదుమ్ము పట్టిన కిటికీ పక్కన, నేను దారం ఒక కొసని వేళ్ళతో ముక్కుకి ఆనించుకుంటే, నాన్న పేము కుర్చీలో కూర్చుని రెండో కొస పట్టుకునేవాడు. నేను నడిమి పూసనే చూడాలి. అప్పుడు ఒక్క దారమే రెండుగా కనిపిస్తుంది; నా రెండు కళ్ళ చూపూ కలిసే చోట ఆ రెండూ కలుస్తాయి.

"దారాలెక్కడ కలిసాయమ్మీ?" అని అడిగి, పూస నుంచి అక్కడికి నాన్న చెక్కస్కేలుతో కొలిచేవాడు. రోజురోజుకీ దూరం తగ్గి, చివరికి పూస మీదే కలిశాయి.

నాన్న పోయాక అమ్మ ఆ కొసని ఖాళీ కుర్చీ చేతికి కట్టి, కుర్చీకి వీపు పెట్టి నాకేసి తిరిగి కూర్చుంది. నేను పూసనే చూశాను. పూస రెండైంది. దారాలు దాన్ని దాటిపోయి కుర్చీ దగ్గర కలిశాయి. నా వేళ్ళ మధ్య దారం మెల్లగా బిగిసింది.

"ఎక్కడే?" అంది అమ్మ, స్కేలు పట్టుకుని.

"నాన్న సెయ్యి కాడమ్మా."

అమ్మ వెనక్కి తిరగలేదు. స్కేలు కింద పెట్టేసింది.

"అలగే సూడమ్మీ," అంది నెమ్మదిగా. "కళ్ళు తిప్పకు."