సోమవారమే రాసేసిన శనివారం

ఆ రోజుల్లో నాకు ధైర్యం తప్ప అన్నీ ఉండేవి: టై, విజిటింగ్ కార్డు, నాచారంలో ఓ ప్లేస్కూల్లో కోఆర్డినేటర్ ఉద్యోగం. 'ఆ డైరీ రాసింది నేనే' అని ఒక్క మాట చెప్పాల్సిన చోట చెప్పలేదు. అది తెలంగాణ రావడానికి ఏడేళ్ల ముందు సంగతి. మా స్కూలుకు చాలా బ్రాంచీలుండేవి; అన్నిట్లోనూ ఒకే రోజు ఒకే పాఠం జరగాలి. ఏ పాట, ఏ బొమ్మ, టీచరు ఏ మాట అనాలి, అన్నీ హెడ్డాఫీసు నుంచి లావుపాటి ఫైల్లో అచ్చయి వచ్చేవి. (ఎక్కడ నవ్వాలో మాత్రం రాయలేదు, మర్చిపోయి ఉంటారు.) పాఠం ఎలా జరిగిందో టీచరు సాయంత్రం డైరీలో రాసి సంతకం పెట్టాలి.

మా నర్సరీ టీచరు చింతగింజలతో లెక్కలు నేర్పేవారు కాబట్టి అందరం ఆవిడను చింతగింజల టీచరు అనేవాళ్ళం. ఉప్పల్ నుంచి బస్సులో వచ్చేవారు. ఫైలంటే ఆవిడకు పడదు. "పిల్లలు ఏమడుగుతరో గాడ కూసున్నోళ్లకు ఎట్ల తెలుస్తది సార్?" అనేవారు. ఆవిడ పాఠాలకు ముచ్చటపడి ఉపాయం చెప్పింది నేనే: "మీకు నచ్చినట్టు చెప్పండి. ఖాళీ పేజీల మీద సంతకాలు పెట్టివ్వండి చాలు, మిగతాది నేను చూసుకుంటాను." ప్రతి సోమవారం ఫైలు ముందేసుకుని వారం మొత్తానికీ రాసేసేవాణ్ణి. 'పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు' అన్న వాక్యం కళ్ళు మూసుకుని రాయగలను.

ఒక శుక్రవారం ఫైల్లో పాఠం పోస్ట్‌మ్యాన్. "ఉత్తరం అంటే ఏంది టీచర్?" అన్నాడు ఓ పిల్లాడు. ఆవిడ బొమ్మల కార్డు పక్కన పెట్టి, "మరి మీ ఇంటికి ఎవరొస్తరో చెప్పున్రి" అన్నారు. గ్యాస్ బండ తెచ్చే మనిషి అన్నారు అందరూ. ఇంకేం, వరండా నిండా పిల్లలు ఖాళీ బకెట్లు దొర్లిస్తూ "గ్యాస్! గ్యాస్!" ఒకడు కాగితం ముక్క చూపించి సంతకం పెట్టమని నా ప్యాంటు లాగితే, బుద్ధిగా పెడుతున్నాను. సరిగ్గా అప్పుడు హెడ్డాఫీసు పెద్ద మేడం గేటు తీసుకుని వచ్చారు.

డైరీ తెమ్మన్నారు. టైము పదకొండు కాలేదు. డైరీలో మాత్రం శుక్రవారం పాఠం ముగిసింది, పిల్లలు ఉత్సాహంగా పాల్గొన్నారు. మేడం పేజీ తిప్పారు. శనివారం కూడా పాల్గొన్నారు.

"రేపటిది కూడా అయిపోయిందే! ఎవరు రాశారిది?"

నా ఉద్యోగం అప్పటికింకా పర్మనెంటు కాలేదు. టీచరు నా వైపు చూశారు. బకెట్లు ఆగిపోయాయి. నేను గోడ మీది ఏబీసీడీలు చదవడం మొదలుపెట్టి జెడ్ దాకా వెళ్ళాను. అప్పుడు ఆవిడే, "సంతకం నాదే మేడం" అన్నారు. నా పేరు ఎత్తలేదు.

ఆ సాయంత్రమే ఆవిడను తీసేశారు. సోమవారం కొత్త టీచరు శుక్రవారం మిగిలిపోయిన పోస్ట్‌మ్యాన్ కార్డు చూపిస్తే పిల్లలు చేతులు కట్టుకుని చూశారు. ఓ పాప వారం రోజులు గేటు దగ్గర నిలబడి "మా టీచరేది?" అని నన్నే అడిగింది. తర్వాతెప్పుడో మరో స్కూలువాళ్ళు ఆవిడ గురించి ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. "పెద్ద మేడంని అడగండి" అని పెట్టేశాను. నా ఉద్యోగం పర్మనెంటయింది.

రాష్ట్రం వచ్చిన ఏడాది ఉప్పల్ బస్టాపులో ఆవిడ కనిపించారు. మందుల కంపెనీలో ప్యాకింగ్ పనట. "ఏ బడిల తీసుకోలే సార్. దొంగ డైరీ రాసిన్నని అందరికీ తెల్సిపాయె" అన్నారు, ఎవరి సంగతో చెబుతున్నట్టు. నేను, "ఆ డైరీ రాసింది నేనని..." అని మొదలుపెట్టాను.

"నాకెందుకు జెప్తున్నరు? నాకెర్కనే గద" అని ఆవిడ, అప్పుడే వచ్చిన బస్సెక్కేశారు.

ఫుట్‌బోర్డు దగ్గర తచ్చాడుతున్న నన్ను కండక్టరు, "ఎక్కుతవా, జరుగుతవా అన్నా?" అని గదిమాడు. బస్సు కదిలింది. అప్పటికే పొట్టొచ్చిన ఆ మనిషిని, అంటే ఆనాటి నన్ను, తలచుకుంటే ఇప్పుడు నాకు నవ్వూ, జాలీ రెండూ కలుగుతాయి. రింగ్ రోడ్డు మీద జనమంతా చూస్తుండగా కిటికీ పట్టుకుని పరుగెత్తుతూ, రొప్పుతూ, అరిచాడు: "తప్పు నాది టీచరుగారూ! ఆ రోజు మేడం ముందు చెప్పాల్సింది. క్షమించండి!"