సెలవు చీటీలో గిడ్డీ

మొన్న జనగామలో కళ్లు తిరుగుతున్నాయని దవాఖానకు వెళ్తే డాక్టరమ్మ చీటీ మీద ‘గిడ్డీనెస్’ అని రాసింది. పక్కనే ఉన్న మా ఆవిడ అదేమిటని అడిగితే తల తిరగడమని చెప్పాను గానీ, ఆ మాట పలుకుతుంటే ముప్పై ఏళ్ల నాటి సిగ్గుతో ముఖం వేడెక్కింది.

అప్పుడు నేను తొర్రూరు దగ్గర ఒక హైస్కూల్లో ఇంగ్లిష్ చెప్పేవాణ్ణి. ఉద్యోగం కొత్త, ఇంగ్లిష్ వచ్చన్న గర్వం ఇంకా కొత్త. శిక్షణకు వెళ్లిన చోట నా గిట్ల, గట్ల విని కోస్తా మిత్రులు నవ్వితే గదిలో తలుపేసుకుని ఏడ్చినవాణ్ణే, అయినా ఇంకొకరిని చూసి నవ్వే వంతు వచ్చినప్పుడు వదులుకోలేదు.

తొమ్మిదో తరగతిలో తండా నుంచి నడిచి వచ్చే అమ్మాయి ఒకతె ఉండేది. ఇంట్లో లంబాడీ, ఊళ్లో తెలుగు, బడిలో ఇంగ్లిష్. మూడింటినీ ఆచితూచి మాట్లాడే పిల్ల. ఒకరోజు మొదటి పీరియడ్‌లోనే సెలవు చీటీ తెచ్చి ఇచ్చింది. తనకు ‘గిడ్డీ’గా ఉందని, ఇంటికి పంపమని సొంతంగా ఇంగ్లిష్‌లో రాసుకుంది. ఆ మాటకు నాకు తెలిసిన అర్థం ఒక్కటే, అదీ ఏదో కథలో చదివింది: నిలకడలేని తిక్కమనిషి అని. చీటీని అందరికీ చదివి వినిపించి, “తిక్కపిల్లనని తనే రాసిచ్చింది” అన్నాను. తరగతంతా నవ్వింది. నవ్వులు ఆగేదాకా నిలబెట్టి, పోయి కూర్చోమన్నాను. రెండడుగులు వేసి, బెంచీ అంచు పట్టుకోబోయి, పట్టు దొరకక పడిపోయింది.

నీళ్లు చల్లి, ఇద్దరు టీచర్లు ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకుపోయాక స్టాఫ్‌రూంలో నిఘంటువు తీశాను. మొదటి అర్థమే తల తిరగడం. నాకు తెలిసింది రెండోది. పుస్తకం బీరువాలో పెట్టేసి ఎవరికీ చెప్పకుండా తర్వాతి క్లాసుకు వెళ్లిపోయాను.

మూడు రోజులకు వాళ్లమ్మ బడికి వచ్చింది. “సారూ, పిల్లకు రక్తం తక్కువున్నదన్నరు. చీటీల మాట తప్పు రాసిందట గదా, జర మాఫ్ చెయ్యిండ్రి. ఎరుక లేక రాసింది” అని చేతులు జోడించింది. తప్పు నాదేనని చెప్పవలసిన క్షణం అదే. నేను మాత్రం పెద్దమనిషిలా తల ఊపి, “సరేలే, మంచిగ తినిపియ్యి” అన్నాను.

ఆ తర్వాత ఆ అమ్మాయి నా క్లాసులో నోరు తెరవలేదు. పదో తరగతి ఇంగ్లిష్‌లో తప్పి చదువు మానేసింది.

రిటైరయ్యాక ఒక పెళ్లికి భూపాలపల్లి వెళ్లినప్పుడు, గని కార్మికుల క్వార్టర్ల దగ్గర బట్టలు కుట్టే దుకాణంలోంచి ఒకామె బయటికి వచ్చి నమస్తే పెట్టింది. ఆమే. భర్తకు గనిలో పనట. లోపల కూర్చోబెట్టి టీ తెప్పించింది. ఆ రోజు రాసిన మాట సరైనదేనని, తెలియనిది నాకేనని తడబడుతూ చెప్పాను. 

“ఏం మాటనో యాదికి లేదు సార్. అందరు నవ్విండ్రు, గదొక్కటే యాదికున్నది” అన్నది, గొంతులో కోపమేమీ లేకుండానే.

ఈ కాలం పిల్లలు సారు తప్పు చెబితే ఫోనులో చూసి అక్కడికక్కడే దిద్దుతారు. మర్యాద పోయిందని నా ఈడు మాస్టర్లు బాధపడుతుంటే నేను మాట కలపను. ఆ మర్యాద వల్లనే కదా, నిండు తరగతిలో ఒక్కరూ ఆనాడు నన్ను ఆపలేకపోయారు.