శనిదేవుణ్ణి పక్కనుంచి చూశాను

మా అమ్మాయి సుజాత రంగత్‌లో సైన్సు టీచరు. తన టెలిస్కోపులో శనిగ్రహాన్ని చూడమని రెండేళ్లుగా నన్ను పిలుస్తూనే ఉంది. నేనేమో వంకలు చెప్పి తప్పించుకున్నాను. మీకెందుకు దాచాలి, భయం! గుళ్లో కూడా శనిదేవుడికి ఎదురుగా నిలబడకూడదని మా ఇంటి పట్టింపు. పక్కకు జరిగి దణ్ణం పెట్టుకుంటాం. మొన్న జనవరిలో ఫోన్ చేసి, "ఇక పిలవను నాన్నా" అంది. ఆ పూట నాకు అన్నం దిగలేదు. మర్నాడు నేనే చేశాను. "కంటితో వద్దమ్మా, తెర మీద చూస్తాను. వస్తున్నా." "అయితే మన షాపు కంప్యూటరు మీదున్న పాత వెబ్‌క్యామ్ పట్టుకురా!" అని ఎంత సంబరపడిందో!

మేముండే పోర్ట్‌బ్లెయిర్‌లో తెల్లవారుజామున నాలుగింటి బస్సు ఎక్కాను. టికెట్టు ముందురోజే తీసుకోండి, రెండు మూడొందలు చాలు. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు దగ్గర బళ్లన్నీ ఒక్క వరసలో కలిసి వెళ్లే ఆరింటి కాన్వాయ్ కోసం ఆగాం. అక్కణ్ణుంచి జారవా ఆదివాసుల అడవి, ఫోటోలు తీయకూడదు. డ్రైవరు నా ఒళ్లో వెబ్‌క్యామ్ డబ్బా చూసి, "ఇస్‌మే క్యా హై అంకుల్?" అని అందులో ఏముందో అడిగాడు. "కెమెరా భయ్యా. శనీచర్ కా ఫోటో ఖీంచేంగే" అని, శనిదేవుడి ఫోటో తీస్తామని చెప్పాను. "ఊపర్ వాలే కా ఖీంచో, జంగల్ కా నహీ!" అని, పైవాడిదైతే తీసుకోమని, అడవిది మాత్రం వద్దని బస్సంతా నవ్వించాడు. మిడిల్ స్ట్రెయిట్ అనే సముద్రపు పాయ దగ్గర బస్సుతో సహా పెద్ద పడవెక్కి దాటాం. మధ్యాహ్నానికి రంగత్ చేరేసరికి వేడి వేడి చేపల పులుసు సిద్ధం. అచ్చం వాళ్లమ్మ చేతి రుచే!

మా దీవుల్లో పొద్దు తొందరగా గూకుతుంది. ఆరింటికల్లా సుజాత పెరట్లో టెలిస్కోపు పెట్టింది. ముందు నా ఫోన్‌ని, కన్ను పెట్టి చూసే గాజుకు ఆనించాను. తెల్లటి మరక, నా చేతి వణుక్కి గంతులు! సుజాత క్లిప్పుతో బిగించి, వెలుతురు తగ్గించింది. అప్పుడు పసుప్పచ్చని బియ్యపుగింజలా కనిపించాడు. తర్వాత ఆ గాజు తీసేసి, దాని చోట లెన్సు ఊడదీసిన వెబ్‌క్యామ్ దూర్చి, లాప్‌టాప్‌కి తగిలించింది. తెరంతా చీకటి.

"ఏడమ్మా, వెళ్లిపోయాడా?"

"ఎక్కడికీ పోలేదు నాన్నా. దీనికి ఆకాశం చిటికెడే కనిపిస్తుంది, వెతకాలి."

అరగంట వెతికితే దొరికాడు. రెండు నిమిషాల వీడియో తీసి, అందులో కదలని బొమ్మలన్నీ ఏరి ఒకదానిమీదొకటి పేర్చింది. ఉండకు సూది గుచ్చినట్టు సన్నటి వలయం! ఫోన్‌లో ఇంత తేటగా రాలేదు.

సుజాత మాత్రం బొమ్మ వైపు చూడటం లేదు, నా వైపే చూస్తోంది. మెల్లగా గాజు మళ్లీ బిగించి, "ఈ టెలిస్కోపులో ఎదురుగా ఎవరూ చూడలేరు నాన్నా. లోపల అద్దం వెలుగుని పక్కకు తిప్పుతుంది. పక్కన నిలబడే చూడాలి" అంది.

నిజమే! గొట్టం శనివైపు, గాజు పక్కకి. ఎంత పిచ్చివాణ్ణి! కన్ను ఆనించాను.

"సుజాతా! ఉన్నాడే! ఉంగరంతో సహా!"

"రెండేళ్లు పట్టింది నాన్నా నీకు," అంటూ నా భుజం మీద తలవాల్చింది.

ఆ తెర మీది బొమ్మ నిజంగా గొప్పది, కాదనను. కానీ నా కంట్లో పడిన ఆ నలుసంత వెలుగు కోసం నా బిడ్డ ఇంత ఓపిక పట్టిందే, ఆమెకు ఎన్ని దణ్ణాలు పెట్టినా తక్కువే. మీరూ వెళితే ఒక్కటి గుర్తుంచుకోండి: గ్రహాన్ని ముందు ఆ గాజులోంచి కంటితో చూస్తూ సరిగ్గా నడిమధ్యకు తెచ్చుకుని, ఆ తర్వాతే వెబ్‌క్యామ్ పెట్టండి, మాలాగా అరగంట వెతుక్కోనక్కర్లేదు.